గమ్‌తో వచ్చిన అట్టముక్కకు వంద కోట్లు: పాత బేస్‌బాల్ కార్డుల ధర ఎలా తేలుతుంది?

2022 ఆగస్టులో అమెరికాలో ఒక అట్టముక్క వేలంలో 1.26 కోట్ల డాలర్లకు పోయింది. అప్పటి మారకం ప్రకారం మన డబ్బులో సుమారు 100 కోట్లు. దాని మీద ఉన్నది న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మ. 1952లో టాప్స్ అనే చూయింగ్ గమ్ కంపెనీ పిల్లల కోసం వేసిన కార్డు అది. మూడేళ్ళ తర్వాత, 2025 ఆగస్టులో, మైఖేల్ జోర్డన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలూ ఉన్న బాస్కెట్‌బాల్ కార్డు దాదాపు 1.29 కోట్ల డాలర్లు పలికి ఆ రికార్డు దాటేసింది. బేస్‌బాల్ వరకు మాత్రం పై మెట్టు మీద ఇంకా మాంటిలే ఉన్నాడు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా జనం మూడు కారణాలు చెప్పుకుంటారు: పాతది కాబట్టి, అరుదు కాబట్టి, గొప్ప ఆటగాడిది కాబట్టి. వినడానికి బాగానే ఉంది, కానీ మాంటిల్ కార్డు దగ్గరే ఈ లెక్క తప్పుతుంది. దానికన్నా 40 ఏళ్ళు పాత కార్డులు, కాస్త నలిగినవి, కొన్ని వేల రూపాయలకే దొరుకుతాయి. అదే సెట్‌లో దానికన్నా తక్కువ అచ్చయిన కార్డులు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఇక ఆట సంగతి. మాంటిల్ 536 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ల లాంటివి) కొడితే, అదే కాలంలో ఆడిన విల్లీ మేస్ 660 కొట్టాడు. ఇద్దరిలో మేసే మేటి అనేవాళ్ళు చాలామంది. అతని కార్డూ అదే 1952 సెట్‌లో ఉంది, ధర మాత్రం మాంటిల్ దరిదాపుల్లోకి రాదు.

మరి ధర దేన్ని బట్టి? చాలావరకు ఆ కార్డు ఎలా అచ్చయింది, ఎలా పంచారు, పిల్లలు దాన్ని ఏం చేశారు, ఎన్ని మిగిలాయి, మిగిలినదాని మీద కొనేవాళ్ళకు ఎంత నమ్మకం అన్నదాన్ని బట్టి. మైదానంలో ఆడినవాడి చరిత్ర ఒకటైతే, అచ్చాఫీసు నుంచి బయల్దేరిన కార్డు చరిత్ర ఇంకొకటి. రెండూ కలిసేది కొన్నిచోట్లే.

సిగరెట్ పెట్టెలోంచి గమ్ పొట్లంలోకి

1880ల్లో అమెరికాలో సిగరెట్లు మెత్తటి కాగితం పొట్లాల్లో అమ్మేవారు. అవి నలిగిపోకుండా లోపల ఒక గట్టి అట్ట పెట్టేవారు. ఖాళీగా ఉంచడం ఎందుకని దాని మీద బొమ్మలు వేశారు: నటీమణులు, దేశాల జెండాలు, పక్షులు, వాటితోపాటు బేస్‌బాల్ ఆటగాళ్ళు. సెట్ పూర్తి చేయాలనే యావతో మనిషి అదే బ్రాండు మళ్ళీ మళ్ళీ కొంటాడు. ఇందులో మనకు తెలియనిది లేదు. బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొని క్రికెటర్ల బొమ్మలు, వాటి మీది పరుగులు లెక్కపెట్టుకున్న తరం మన ఊళ్ళలో ఇప్పుడు నడివయసులో ఉంది.

1930ల నాటికి ఈ వ్యాపారం సిగరెట్ల నుంచి గమ్‌కు మారింది. బోస్టన్‌కు చెందిన గౌడీ కంపెనీ 1933లో వేసిన 240 కార్డుల సెట్ ఇప్పటికీ సేకర్తల కలల జాబితాలో ఉంటుంది. ఒక్క బేబ్ రూత్‌వే అందులో నాలుగు కార్డులు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బౌమన్, లీఫ్, ఆ వెనకే టాప్స్ రంగంలోకి దిగాయి.

పాత కార్డు అంటే ఎంత పాతది? దీనికి చట్టం లేదు, వాడుకే ప్రమాణం. 1980కి ముందువాటిని వింటేజ్ అంటారు. యుద్ధానికి ముందువాటిని ప్రీవార్ అని వేరుగా చూస్తారు. 1970ల కార్డులకు ఆ గౌరవం ఎందుకని గొణిగే పెద్దవాళ్ళూ లేకపోలేదు.

టీ206, ఎన్172 లాంటి పేర్లు చూసి కొత్తవాళ్ళు కంగారు పడతారు. అవి కంపెనీలు పెట్టుకున్న పేర్లు కావు. జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త ఈ కాగితాలన్నిటికీ జాబితా తయారుచేస్తూ ఇచ్చిన నంబర్లు. టీ అంటే 20వ శతాబ్దపు పొగాకు కార్డు, ఎన్ అంటే 19వ శతాబ్దపుది. కీళ్ళజబ్బుతో చేతులు వంకర్లు పోతున్నా, తన దగ్గరున్న 3 లక్షలకు పైగా కార్డులూ కాగితాలూ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, అక్కడే కూర్చుని ఆల్బమ్‌లలో అంటించాడాయన. 1963లో చనిపోయాడు. అంటించడమా అని ఇప్పటి సేకర్తలు గుండెలు బాదుకుంటారు. ఆయనకు మాత్రం ధర గురించిన ఆలోచనే లేదు.

వాగ్నర్ తన బొమ్మ ఎందుకు వద్దన్నాడు?

అరుదైన కార్డు అనగానే అందరి నోటా వచ్చే పేరు హోనస్ వాగ్నర్. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు షార్ట్‌స్టాప్ (ఒక ఫీల్డింగ్ స్థానం), ఎనిమిదిసార్లు లీగ్‌లో బ్యాటింగ్ సగటులో మొదటివాడు, 1936లో మేటి ఆటగాళ్ళ గౌరవ పట్టిక అయిన బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికైన తొలి అయిదుగురిలో ఒకడు. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన టీ206 సెట్‌లో అతని కార్డు ఉంది. కార్డు చాలా చిన్నది, మూడు సెంటీమీటర్ల చిల్లర వెడల్పు, ఆరు సెంటీమీటర్ల చిల్లర ఎత్తు. చుట్టూ తెల్ల అంచు, నారింజ రంగు నేపథ్యం, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న జెర్సీ, నడిపాపిట, కింద గోధుమరంగు అక్షరాల్లో పేరూ ఊరూ. వెనకవైపు సిగరెట్ ప్రకటన. ఇప్పటికి తేలినవి 50, 60 మధ్య ఉంటాయని అంచనా. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది. అదే సెట్‌లో మరో మేటి ఆటగాడు టై కాబ్ కార్డులు మాత్రం వేలల్లో మిగిలాయి.

ఎందుకు తక్కువ అచ్చయిందంటే, వాగ్నర్ ఒప్పుకోలేదు కాబట్టి. ఎందుకు ఒప్పుకోలేదన్నదే తగాదా.

మొదటి వాదన అందరికీ నచ్చేది: బొమ్మ కోసం పిల్లలు సిగరెట్ల వెంట పడటం అతనికి ఇష్టం లేదు. దీనికి ఆధారంగా చూపే కథ 1912లో పత్రికకెక్కింది. అతని అనుమతి తెచ్చిపెడితే 10 డాలర్లిస్తామని కంపెనీ పిట్స్‌బర్గ్ క్రీడా రచయిత జాన్ గ్రూబర్‌కు ఆశ చూపిందట. వాగ్నర్ కుదరదని జవాబు రాసి, నీకు రావలసిన డబ్బు నావల్ల పోకూడదంటూ 10 డాలర్ల చెక్కు జత చేశాడట.

రెండో వాదన: ఇదంతా డబ్బు గొడవ. వాగ్నర్ పొగాకు నమిలేవాడు, చుట్టలు కాల్చేవాడు. అంతకు ముందే ఒక సిగార్ కంపెనీ అతని బొమ్మ వాడుకుంది. 1948 నాటి లీఫ్ కార్డులోనైతే ముసలి వాగ్నర్ పొగాకు నోట్లో పెట్టుకుంటూనే కనిపిస్తాడు. అలాంటి మనిషికి సిగరెట్ మీద అంత పట్టింపు ఎక్కడిదని వీళ్ళ ప్రశ్న.

నాకు మాత్రం ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే వాదనల్లా కనిపించవు. తాను నమిలే మనిషి కూడా పిల్లల చేతికి సిగరెట్ వెళ్ళకూడదనుకోవచ్చు. ఊరికే వాడుకుంటున్నారన్న కోపం కూడా పక్కనే ఉండొచ్చు. పైగా డబ్బే కావాలనుకున్నవాడు 10 డాలర్ల చెక్కు ఎదురు పంపడం కాస్త విడ్డూరం. కారణం ఏదైనా కార్డు ఆగిపోయింది. ధరను పెంచింది ఆ ఆగిపోవడమే.

మాంటిల్ కార్డు అరుదు కాదు, రెండింతలు అచ్చయింది

ఇప్పుడు 1952 సెట్ సంగతి. మొత్తం 407 కార్డులు. టాప్స్ వీటిని ఒకేసారి కాకుండా విడతలుగా విడుదల చేసింది. ఆఖరి విడత 311 నుంచి 407 వరకు. అది దుకాణాలకు చేరేసరికి సీజన్ ముగింపుకొచ్చింది, పిల్లలు బడికి వెళ్ళిపోయారు, దుకాణదారులు ఫుట్‌బాల్ సరుకు వైపు తిరిగారు. అంతకు ముందు మిగిలిన సరుకు ఉన్న కొట్లు కొత్తది తీసుకోలేదు. అందుకే ఈ విడత కార్డులు తక్కువగా జనంలోకి వెళ్ళాయి. సెట్ రూపకర్త సై బెర్గర్ చెప్పిన కథ ప్రకారం, అమ్ముడుపోని పెట్టెలు ఏళ్ళ తరబడి గోదాములో పడున్నాయి. సంతల్లో సెంటుకు పది చొప్పున ఇస్తామన్నా దిక్కులేదు. 1960లో చెత్త పడవకెక్కించి న్యూజెర్సీ తీరం దాటాక సముద్రంలో పారబోశారు.

మాంటిల్ నంబరు 311. అంటే ఆఖరి విడతలో మొదటిది. ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఆ విడతలో కార్డులు 97. అచ్చు షీటులో గడులు 100. మిగిలిన 3 గడుల్ని ఖాళీగా వదలకుండా మూడు కార్డుల్ని రెండోసారి వేశారు: 311 మాంటిల్, 312 జాకీ రాబిన్సన్, 313 బాబీ థామ్సన్. ఉదాహరణకు వెయ్యి షీట్లు తీశారనుకుందాం. మాంటిల్ కార్డులు 2,000 వస్తాయి. 407వ నంబరైన ఎడ్డీ మాథ్యూస్ కార్డులు 1,000 వస్తాయి. 512 హోమ్ రన్లు కొట్టి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న మాథ్యూస్ కార్డు, అదీ అతని మొదటి కార్డు, మాంటిల్‌ కన్నా సగమే అచ్చయింది. అయినా మాంటిల్‌దే ఎక్కువ ధర.

పోనీ, మాంటిల్‌కి ఇది మొదటి కార్డు కాబట్టా? అదీ కాదు. 1951లోనే బౌమన్ అతని కార్డు వేసింది, రూకీ కార్డు అనే గుర్తింపు దానికే. వేలం వార్తల్లో 1952 కార్డును రూకీ అని రాసేస్తుంటారు, అది పొరపాటు. అది టాప్స్ వేసిన మొదటి మాంటిల్ కార్డు, అంతవరకే.

మిగిలిన కారణం గిరాకీ. 1950ల్లో న్యూయార్క్‌లో పెరిగిన పిల్లలకు మాంటిల్ సినిమా హీరో లెక్క. ఓక్లహోమా గనుల ప్రాంతం నుంచి వచ్చిన బంగారు జుట్టు కుర్రాడు, యాంకీస్ తరఫున ఏడు వరల్డ్ సిరీస్ (ఏటా జరిగే ఫైనల్ పోరు) టైటిళ్ళు, ఆ సిరీస్‌లలో 18 హోమ్ రన్లు. ఆ పిల్లలు పెరిగి డాక్టర్లు, లాయర్లు, వ్యాపారులై, 1980ల్లో చేతిలో డబ్బుతో తమ బాల్యాన్ని తిరిగి కొనుక్కోవడం మొదలుపెట్టారు. తల్లులు ఇల్లు సర్దుతూ చెప్పులపెట్టెలో కార్డుల్ని పారేసిన కథ ఆ తరంలో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. మేస్, హాంక్ ఆరన్ లాంటి నల్లజాతి మేటి ఆటగాళ్ళ కార్డులు మాంటిల్‌ కన్నా చవకగా ఉండటానికి ఆనాటి కొనుగోలుదారులు ఎవరన్నదీ ఒక కారణమనే వాదన సేకర్తల్లోనే బలంగా ఉంది. కాదు, అది న్యూయార్క్ మార్కెట్ బలం, యాంకీస్ పేరు మహిమ అనేవాళ్ళూ ఉన్నారు. కానీ 1952లో మేస్ ఆడిందీ న్యూయార్క్‌లోనే, జెయింట్స్ తరఫున. ఆ జట్టు 1957 తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళిపోయింది. కాబట్టి ఊరు ఒక్కటే కారణమంటే సరిపోదు.

రబ్బరు బ్యాండు చేసిన పని

అదే 1952 సెట్‌లో నంబరు 1 ఆండీ పాఫ్కో. మంచి ఆటగాడే, కానీ పెద్ద పేరున్నవాడు కాదు. అయినా చెక్కుచెదరని పాఫ్కో కార్డు ఒకటి 1998లో 80 వేల డాలర్లు దాటి పలికింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పిల్లలు కార్డుల్ని నంబర్ల వరసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవారు. కట్టకు పైన పాఫ్కో, అడుగున మాథ్యూస్. జేబులో రాసుకున్నా, బల్ల మీద విసిరినా, పాలు ఒలికినా మొదటి దెబ్బ వీళ్ళకే. బ్యాండు ఒత్తుకున్న గాటు అంచు మీద ఉండిపోయేది. మధ్యలో ఉన్నవాళ్ళు హాయిగా బతికిపోయారు.

తప్పులకీ ఇలాగే ధర వస్తుంది, కానీ అన్ని తప్పులకీ కాదు. టీ206లో జో డాయిల్ అనే పిచ్చర్ (బంతి విసిరేవాడు) కార్డు మీద అతను న్యూయార్క్ నేషనల్ లీగ్ జట్టువాడని అచ్చేశారు. నిజానికి అతను ఆడింది అమెరికన్ లీగ్‌లో. కంపెనీ గబగబా దిద్దుకుంది. తప్పుతో మిగిలినవి పదికి లోపే, అందుకే అవి లక్షల డాలర్లు. 1957 టాప్స్‌లో హాంక్ ఆరన్ ఫిల్మ్ తిరగేసి వేయడంతో కుడిచేతివాటం మనిషి ఎడమచేత్తో బ్యాట్ పట్టుకున్నట్టు పడింది. 1969లో ఆరెలియో రోడ్రిగెజ్ కార్డు మీద అతని బదులు జట్టు బ్యాట్లు మోసే కుర్రాడి బొమ్మ అచ్చయింది. ఈ రెండూ సరదాగా చెప్పుకునే కథలే కానీ, దిద్దిన కార్డంటూ మళ్ళీ రాలేదు. ప్రతి కార్డులోనూ అదే తప్పు ఉంది కాబట్టి ఆ తప్పు వల్ల ధర పెరగలేదు.

కావాలని చేసిన ‘తప్పు’ కూడా ఒకటుంది. 1933 గౌడీ సెట్‌లో 106వ నంబరు కార్డు అసలు వేయలేదు. ఆ ఒక్కటి దొరుకుతుందేమోనని పిల్లలు గమ్ కొంటూనే ఉండాలని ఎత్తు. తల్లిదండ్రులు, పిల్లలు ఉత్తరాలు రాసి గోల చేస్తే 1934లో నాప్ లాజోయ్ బొమ్మతో 106 వేసి, అడిగినవాళ్ళకు పోస్టులో పంపారు. పేపర్ క్లిప్పుతో ఉత్తరానికి జతచేసి పంపడంతో చాలా లాజోయ్ కార్డుల మీద ఆ క్లిప్పు గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది.

కార్డు మీదికి ఎక్కినవాళ్ళు, ఎక్కనివ్వనివాళ్ళు

1933 గౌడీలోనే 158వ నంబరు మో బెర్గ్. సాధారణమైన క్యాచర్ (క్రికెట్‌లో వికెట్‌కీపర్ లాంటివాడు), ఆటలో గుర్తుండే అంకెలేమీ లేవు. కానీ అతను చాలా భాషలు చదివిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్‌ఎస్‌లో చేరి, 1944లో జ్యూరిక్‌లో జర్మన్ శాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ ఉపన్యాసానికి వెళ్ళాడు. జర్మనీ అణుబాంబుకు దగ్గర పడిందనిపిస్తే అతన్ని కాల్చేయాలన్నది అందిన ఆదేశం. అనిపించలేదు, కాల్చలేదు. అతని కార్డు సీఐఏ మ్యూజియంలో ఉంది. బెర్గ్ కార్డు కొనేవాళ్ళు కొనేది అతని బ్యాటింగ్ చూసి కాదని వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి రెండో వైపు జోష్ గిబ్సన్. నల్లజాతివారికి అగ్రశ్రేణి పోటీలైన మేజర్ లీగ్ తలుపులు మూసేసిన రోజుల్లో నీగ్రో లీగ్‌లలో ఆడిన క్యాచర్. 1947 జనవరిలో చనిపోయాడు. మూడు నెలల తర్వాత, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగి ఆ గోడ పగలగొట్టాడు. గిబ్సన్ బతికున్న రోజుల్లో అమెరికాలో ఏ పెద్ద గమ్ కంపెనీ కూడా అతని కార్డు వేయలేదు. అతను ఆడిన మరో గడ్డ ప్యూర్టోరికోలో, అదీ చనిపోయాక, 1950 ప్రాంతంలో ఒక సెట్‌లో కార్డు వచ్చింది. 2024 మేలో మేజర్ లీగ్ బేస్‌బాల్ నీగ్రో లీగ్‌ల అంకెల్ని తన అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో జీవితకాలపు బ్యాటింగ్ సగటులో గిబ్సన్ 0.372తో అందరికన్నా పైకెళ్ళాడు. క్రికెట్ సగటుతో కలిపేసుకోకండి: బ్యాట్ పట్టిన ప్రతి వెయ్యిసార్లకీ 372 సార్లు హిట్ కొట్టాడని దీని అర్థం.

రాబిన్సన్ రూకీ కార్డు ఏదన్నది మరో చిక్కు. లీఫ్ కంపెనీ కార్డు మీద 1948 అని ఉంటుంది, కానీ అది బజారులోకి వచ్చింది 1949లో అనే అభిప్రాయం బలంగా ఉంది. అలా చూస్తే 1949 బౌమన్ కూడా దానితో సమానమే అవుతుంది. ఈ ఒక్క సంవత్సరం తేడా మీద జరిగే వాదనలు వింటే నవ్వొస్తుంది. అయితే రూకీ అన్న ముద్ర పడితే ధర పెరుగుతుంది కాబట్టి ఎవరూ వెనక్కి తగ్గరు.

షూలెస్ జో జాక్సన్ కథ ఇంకోరకం. 1919 వరల్డ్ సిరీస్‌ను అమ్ముకున్నారన్న ఆరోపణతో ఎనిమిది మంది చికాగో ఆటగాళ్ళను 1921లో జీవితాంతం వెలివేశారు, జ్యూరీ నిర్దోషులని తేల్చాక కూడా. అందులో జాక్సన్ ఒకడు. అతని 1914 నాటి కార్డు క్రాకర్ జాక్ అనే తీపి పాప్‌కార్న్ డబ్బాలో వచ్చింది. అందుకే మిగిలిన వాటిలో చాలావాటి మీద పాకం మరకలుంటాయి. 2025 మేలో మేజర్ లీగ్ కమిషనర్ ఆ వెలిని, మరో ఆటగాడు పీట్ రోజ్‌ మీది వెలితోపాటు, ఎత్తేశారు. హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ వీళ్ళ పేర్లు చూడగలిగేది 2027 డిసెంబరులో.

ముఖం ఎవరి సొత్తు?

కార్డుల వల్ల ఒక కొత్త హక్కే పుట్టింది. 1950ల మొదట్లో బౌమన్, టాప్స్ రెండూ ఆటగాళ్ళతో విడివిడిగా ఒప్పందాలు రాయించుకుని కొట్టుకున్నాయి. బౌమన్ తరఫున హీలన్ లేబొరేటరీస్ కోర్టుకెక్కింది. 1953లో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు, తన ఫొటోకున్న ప్రచార విలువ మీద మనిషికి హక్కుందని, దాన్ని ఒకరికే ఇవ్వొచ్చని చెప్పింది. అమెరికా చట్టంలో ‘పబ్లిసిటీ హక్కు’ అన్న మాట అక్కడి నుంచే మొదలు. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్ళి తమ పేరు, బొమ్మ, గొంతు ఊరికే వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు కదా, ఆ తరహా వాదనకు పాత చుట్టరికం ఈ గమ్ కార్డుల కేసుతో ఉంది. తేడా ఏమిటంటే, మన దగ్గర దీనికి ప్రత్యేక చట్టం లేదు, కోర్టు తీర్పుల మీదే నడుస్తోంది.

ఇంతా చేసి ఆటగాళ్ళకు దక్కింది కొంచెమే. 1956లో టాప్స్ బౌమన్‌ను కొనేసింది, పోటీ పోయింది. ఏడాదికి మనిషికి 125 డాలర్లు ఇచ్చేవారు. 1966లో ఆటగాళ్ళ సంఘానికి వచ్చిన మార్విన్ మిల్లర్ దీన్ని పట్టుకున్నాడు. ఆటగాళ్ళు టాప్స్ ఫొటోగ్రాఫర్లకు పోజులివ్వడం మానేశారు. చివరకు ఆ మొత్తం రెట్టింపై, అమ్మకాల్లో వాటా కూడా వచ్చింది. ఆ రెండు మూడేళ్ళ కార్డుల్లో పాత ఫొటోలు, టోపీ లేని తలలు ఎక్కువగా కనపడేది అందుకే.

ఒక మిల్లీమీటరు కత్తిరిస్తే ఏమవుతుంది?

ఇక నమ్మకం సంగతి. గ్రేడింగ్ అంటే ఒక సంస్థ కార్డును పరీక్షించి, అసలుదేనని తేల్చి, 1 నుంచి 10 వరకు మార్కు వేసి, ప్లాస్టిక్ పలకలో సీలు చేయడం. పీఎస్‌ఏ 1991లో మొదలైంది. ఎస్‌జీసీ, బెకెట్ కూడా పేరున్నవే. చూసేవి నాలుగు: మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ మధ్యలో ఉందా లేదా.

ఈ చివరిది లెక్కతో చూద్దాం. ఒక కార్డుకు ఎడమ అంచు 3 మిల్లీమీటర్లు, కుడి అంచు 2 మిల్లీమీటర్లు అనుకోండి. మొత్తం 5లో 3, 2, అంటే 60/40. మిగతావన్నీ బాగుంటే దీనికి 9 దాకా రావచ్చు, 10 రావడం కష్టం. ఇప్పుడెవరైనా ఎడమవైపు ఒక మిల్లీమీటరు సన్నగా కత్తిరిస్తే? రెండు వైపులా 2, 2. అచ్చం 50/50. పైగా అరిగిన అంచు పోయి కొత్త అంచు పదునుగా వస్తుంది. కంటికి కార్డు మెరుగైంది. కానీ వెడల్పు ఒక మిల్లీమీటరు తగ్గింది. సంస్థ పట్టుకుంటే అంకె ఇవ్వదు, కత్తిరించినదని రాసి పంపేస్తుంది. ధర కుప్పకూలుతుంది.

పట్టుకోకపోతే ఏమవుతుందో చెప్పేది అన్నిటికన్నా పేరున్న వాగ్నర్ కార్డే. 1985లో డీలర్ బిల్ మాస్ట్రో దాన్ని 25 వేల డాలర్లకు కొన్నాడు. 1991లో ఐస్ హాకీ తార వేన్ గ్రెట్జ్‌కీ, భాగస్వామితో కలిసి, 4.51 లక్షల డాలర్లకు వేలంలో దక్కించుకున్నాడు. అప్పుడే మొదలైన పీఎస్‌ఏ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు ఇదే, మార్కు 8. అది కత్తిరించిన కార్డేనన్న గుసగుసలు ఏళ్ళ తరబడి నడిచాయి. 2007లో అది 28 లక్షల డాలర్లకు అరిజోనా జట్టు యజమాని కెన్ కెండ్రిక్ దగ్గరికి చేరింది. 2013లో మాస్ట్రో తన వేలం సంస్థలో బోగస్ పాటలు పాడించిన కేసులో నేరం ఒప్పుకుంటూ, ఆ వాగ్నర్ అంచులు తానే కత్తిరించానని కూడా ఒప్పుకున్నాడు. 2015లో 20 నెలల జైలు పడింది.

గ్రేడింగ్‌ను సమర్థించేవాళ్ళు దీన్నే చూపి, మూడో మనిషి కన్ను లేకపోతే ఈ బజారు దొంగల పాలవుతుందంటారు. ముఖం చూడని ఇద్దరి మధ్య లక్షల డాలర్ల బేరం కుదురుతోందంటే ఆ పలక వల్లే. వ్యతిరేకించేవాళ్ళూ ఇదే కార్డును చూపుతారు: మొదటి కార్డుకే తప్పు మార్కు వేశారు కదా అని. ఒకే కార్డును పలక పగలగొట్టి మళ్ళీ పంపితే వేరే మార్కు రావడమూ కద్దు. నా దృష్టిలో రెండో పక్షం ఫిర్యాదు నిజమే, అయితే వాళ్ళ దగ్గర మెరుగైన పద్ధతి లేదు. మార్కు ఒక అభిప్రాయం. మార్కెట్ దాన్ని కొలతగా వాడుకుంటోంది. 2021 జనవరిలో పీఎస్‌ఏ 9 మార్కున్న 1952 మాంటిల్ 52 లక్షల డాలర్లు పలికింది. ఏడాదిన్నర తర్వాత ఎస్‌జీసీ 9.5 ఇచ్చిన ఇంకో మాంటిల్ 1.26 కోట్లు. మధ్యలో మార్కెట్ ఊపు, సంస్థ తేడా ఉన్నా, అర మార్కుకు ఎంత విలువో దీన్నిబట్టి తెలుస్తుంది.

1991లో ఇద్దరు చెరో 50 వేలు పెట్టి ఉంటే

ఆ 1.26 కోట్ల మాంటిల్‌ను అమ్మినాయన 1991లో 50 వేల డాలర్లకు కొన్నాడు. 31 ఏళ్ళలో 252 రెట్లు, అంటే ఏటా సుమారు 19.5 శాతం చక్రవడ్డీ. ఇది చూసి కార్డులు బంగారం కన్నా మేలని చెప్పేవాళ్ళు బోలెడు.

అదే 1991లో ఇంకొకాయన అదే 50 వేలతో ఆ ఏటి కొత్త కార్డుల పెట్టెలు సీలు తీయకుండా కొని దాచాడనుకుందాం. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ వచ్చి టాప్స్ గుత్తాధిపత్యం పోయింది. 1989లో కెన్ గ్రిఫీ జూనియర్‌ను నంబరు 1గా పెట్టి అప్పర్ డెక్ దిగింది. పాత కార్డుల ధరలు చూసి అందరూ కొత్తవి దాచడం మొదలుపెట్టారు. కంపెనీలు లెక్కలేనన్ని అచ్చేశాయి. ఎవరూ పారేయలేదు, ఎవరూ రబ్బరు బ్యాండు వేయలేదు, సముద్రంలో పోయలేదు. ఆ కాలపు సరుకును ఇప్పుడు ‘జంక్ వ్యాక్స్’ అంటారు. చాలా పెట్టెలు ఆనాటి ధరకే, ద్రవ్యోల్బణం తీసేస్తే అంతకన్నా తక్కువకే పోతాయి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొన్న మనవాళ్ళకు గరాజ్ సేల్‌లో కార్డుల డబ్బా దొరికితే, ముందు చూడాల్సింది వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే సంవత్సరం. 1986కీ 1993కీ మధ్యదైతే అది పిల్లలు ఆడుకోవడానికి బాగుంటుంది.

మాంటిల్ అమ్మినాయనకైనా 1.26 కోట్లూ చేతికి రాలేదు. పత్రికల్లో వచ్చే ధరలో కొనేవాడు వేలం సంస్థకు కట్టే ప్రీమియం కలిసి ఉంటుంది. అది 20 శాతం అనుకుంటే సుత్తి పడిన ధర 1.05 కోట్లు. అందులో కొన్న 50 వేలు తీస్తే లాభం 1.045 కోట్లు. సేకరణ వస్తువుల మీద దీర్ఘకాలిక లాభానికి అమెరికా ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం, షేర్ల మీదికన్నా ఎక్కువ. అంటే దాదాపు 29 లక్షల డాలర్లు ప్రభుత్వానికి. అమ్మకందారు కమీషన్, రాష్ట్ర పన్ను వేరే.